మీ బొమ్మలో మా వాన

మొయినాబాద్,
జూన్ నెలాఖరు.

బావగారు పరమేష్ గారికి,

కృష్ణారావు నమస్కారాలు. ఇక్కడ నేను, సుబ్బలక్ష్మి క్షేమం. అక్కడ మీరు, చెల్లెమ్మ వసంతమ్మ గారు క్షేమమని తలుస్తాను.

ఒకే రోడ్డు మీద ఆ చివర మీరు, ఈ చివర నేను ఉండి ఉత్తరాలు రాసుకోవడం చూసి మైసయ్య నవ్వుతున్నాడు. మీ ఊరి నుంచి కూరగాయలు తెచ్చే ఆటోలో ఇకనుంచి ఈ కవర్లు కూడా తిప్పాలి అంటే, "ఫోన్లు ఖరాబైనయా సార్?" అన్నాడు. ఫోన్లు బాగానే ఉన్నాయి, మేమే పాడయ్యామని ఎలా చెప్పను? పోయిన నెల మనిద్దరం ఫోన్లో అరుచుకున్న అరుపులకు మనవరాలు మేఘ మంచం కిందికి దూరి, బిస్కెట్ చూపించినా బయటికి రాలేదు. అందుకే మా అబ్బాయి దీపు, మీ అమ్మాయి అఖిల కలిసి తీర్పు చెప్పారు. ఇంటి సంగతి తేలేదాకా తాతలిద్దరికీ ఫోన్ బంద్. చెప్పదలుచుకున్నది కాగితం మీద పెట్టుకోవాలి.

సంగతేమిటో మరొక్కసారి రాస్తున్నాను, రేపు ఎవరూ మాట మార్చకుండా. పిల్లలు గచ్చిబౌలిలో ఆ ట్యాంకర్ నీళ్ల అపార్ట్‌మెంట్ వదిలి ఇటువైపు వచ్చేస్తామన్నారు. మా మేడమీది వాటా ఖాళీగా ఉంది, రమ్మన్నాను. మీ విత్తనాల దుకాణం పక్కన స్థలం ఉంది, ఇల్లు కట్టిస్తానని మీరన్నారు. "నీళ్లు ఎక్కడ బాగుంటే అక్కడికి వస్తాం" అంది అఖిల. వాన ఎక్కువ పడేది మొయినాబాద్‌లోనని నేను, చేవెళ్లలోనని మీరు. అదీ గొడవ.

నోటి మాటలతో తేలేది కాదు గనక మా డాబా మీద వానకొలత పాత్ర పెట్టాను. రోజూ చూసి రాసుకుంటున్నాను. ఉత్త అంకెలు పంపితే మీరు చదవరు. అందుకని పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ ఒకటి పట్టాను. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ కంప్యూటర్ ఉద్యోగంలో చేరి, జీతాల ప్రోగ్రాములు రాసి రిటైరైనవాణ్ణి. నాకిది ఎంత అనుకున్నాను.

ఈ లైబ్రరీలో గీత గీసే ముందు ఫిగర్ అని ఒక ఖాళీ పలకను తయారు చెయ్యాలి. నేను రోజుకో పలక తయారు చెయ్యమని రాశాను. అది నిజంగానే రోజుకో కిటికీ తెరిచింది. తెర నిండా కిటికీ మీద కిటికీ. ఇన్ని ఫిగర్లు తెరిచి మూయకపోతే ఎలాగని ప్రోగ్రామే నన్ను మందలించింది. సుబ్బలక్ష్మి పెట్టుకున్న గోంగూర పచ్చడి వీడియో ఆ కిటికీల అడుగున ఎక్కడో మాట్లాడుతోంది గానీ మనిషి కనిపించడు. "ఇన్ని కిటికీలు తెరిచారు, కొంచెం గాలన్నా రాకూడదూ" అంది.

తర్వాత తెలివి తెచ్చుకుని నెలంతా ఒకే పలక మీద గీశాను. కిటికీ ఒక్కటే తెరుచుకుంది, ప్రోగ్రాము మాత్రం అక్కడే ఆగిపోయింది. ఆలోచిస్తోంది కాబోలునని మధ్యాహ్నమంతా దానికెదురుగా మర్యాదగా కూర్చున్నాను. సుబ్బలక్ష్మి వచ్చి కిటికీ మూసింది. టక్కున పని పూర్తయింది. మనం మూసేదాకా అది ముందుకు కదలదట.

మొయినాబాద్ గ్రాఫు జతచేశాను. నిదానంగా చూసి ఓటమి అంగీకరించగలరు.

భవదీయుడు,
కృష్ణారావు

* * *

చేవెళ్ల,
జూలై మొదటి వారం.

బావగారికి,

పరమేష్ నమస్కారం. మీ గ్రాఫు అందింది. నీలం గీత అందంగా ఉంది. గీతకు అందం వేరు, నేలకు తడి వేరు.

వసంతమ్మ ఆ కాగితం చూసి కంగారుపడింది. "అన్నకు గుండెల ఏమన్న తకలీఫ్ ఉన్నదా? గిట్ల కొట్టుకుంటున్నదేంది?" అంది. అది వాన అని చెప్పినా నమ్మలేదు. సుబ్బలక్ష్మి వదినకు ఫోన్ చేసి, మీరు పొద్దున ఇడ్లీలు బాగానే తిన్నారని విన్నాక గానీ కుదుటపడలేదు. ఫోన్ బంద్ మనిద్దరికే గానీ వాళ్లిద్దరికీ కాదు కదా.

నేనూ ఊరికే కూర్చోలేదు. దుకాణం ముందు పెద్ద ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, స్కేలు అతికించి పెట్టాను. వచ్చిన రైతులంతా ముందు సీసా చూసి, తర్వాతే విత్తనాలు అడుగుతున్నారు. గ్రాఫు గీసే లైబ్రరీ మీకు ఒక్కరికే వశమవుతుందనుకోకండి. దుకాణంలో బిల్లులు కొట్టే కంప్యూటర్‌లో నేనూ ఎక్కించాను. తెలిసినవారు ఒకరు కొంచెం దారి చూపించారు. ఎవరన్నది ఇక్కడ అప్రస్తుతం.

నిన్న సాయంత్రం నా గ్రాఫు కిటికీలో కనబడింది. చాలాసేపు చూశాను. వసంతమ్మను పిలిచి చూపించాను. మా సీసాలో పడిన ప్రతి చుక్కా అందులో ఉంది. తృప్తిగా చూసుకుని, కిటికీ మూసి, బొమ్మను ఫైలులో దాచమని చెప్పి, ఆ ఫైలును పక్కన ఫ్లెక్సీలు కొట్టే నాగేందర్‌కు పంపాను. వాడు ప్రింటు తీసి, కవర్లో పెట్టి, అంటించి కూడా ఇచ్చాడు. "అన్నా, గిదేనా?" అని అడిగాడు. గిదే అన్నాను.

కవర్లో ఉన్నది మీరే చూడండి. నేను దాచిపెట్టింది ఏమీ లేదు. చేవెళ్ల వాన మొత్తం మీ కళ్ల ముందే ఉంది.

ఇట్లు,
పరమేష్

* * *

మొయినాబాద్,
జూలై రెండో వారం.

బావగారికి,

నమస్కారాలు. కవరు తెరిచాను. లోపల తెల్ల కాగితం ఉంది.

తిరగేసి చూశాను. ఎండలో పట్టుకుని చూశాను. సుబ్బలక్ష్మి, నిమ్మరసంతో రాసి ఉంటారేమోనని స్టవ్ దగ్గర వేడి చేసింది. ఒక మూల కాలింది తప్ప ఏమీ తేలలేదు. మీ ఉత్తరం మళ్లీ చదివాను. "దాచిపెట్టింది ఏమీ లేదు. చేవెళ్ల వాన మొత్తం మీ కళ్ల ముందే ఉంది" అని రాశారు. జూన్ నెలంతా మీ ఊళ్లో ఒక్క చుక్క పడలేదని ఇంత నిజాయితీగా ఒప్పుకున్నందుకు ముగ్ధుణ్ణయ్యాను. ఆ కాగితాన్ని ఫ్రేము కట్టిద్దామనుకున్నాను.

కానీ గెలిస్తే న్యాయంగా గెలవాలి. మా కాలనీలో ఒక నిపుణుడున్నాడు, ఆయన్ని అడిగాను. మీ పొరపాటేమిటో వెంటనే చెప్పాడు. కిటికీ మూయగానే ఆ పలక పోతుందట. ఆ తర్వాత దాచమంటే కొత్తగా ఒక ఖాళీ పలకను తెచ్చి దాన్ని భద్రంగా దాస్తుందట. ముందు దాచుకుని, తర్వాత చూసుకోవాలి.

ఆయనే ఇంకొకటి చెప్పాడు. బొమ్మలో ఏముండాలో చెప్పడం వరకే మన పని. దాన్ని తెర మీద కిటికీలో చూపించాలా, నేరుగా ఫైలులోకి దించాలా, చుక్కలుగా వెయ్యాలా, గీతలుగా వెయ్యాలా అన్నది వెనకాల ఉండే మరొకడు చూసుకుంటాడు. వాణ్ణి బ్యాకెండ్ అంటారు. వంట ఒకటే, వడ్డించేవాళ్లు వేరు అనుకోండి. ఏ వడ్డనకు ఎవరిని పిలవాలో మనం ఎంచుకోవచ్చు. శత్రువుకు ఈ సంగతులు చెప్పకూడదు. చెప్పేశాను.

ఇంకో సంగతి. మా మేడమెట్లకు ఉన్న రెయిలింగు మేఘకు అందదు. అందుకని కింద, దాని చేతికి అందే ఎత్తులో, రెండో కడ్డీ వేయించాను. పని చేసిన సాముయేలు, "ఎవరికి సార్ ఇంత కిందికి?" అని అడిగాడు. మా ఇంటికి రాబోయే పెద్దమనిషికి అన్నాను. గీతల సంగతి ఎలా ఉన్నా, కడ్డీ మాత్రం సిద్ధంగా ఉందని మీకు తెలియాలి.

భవదీయుడు,
కృష్ణారావు

* * *

చేవెళ్ల,
ఆగస్టు.

బావగారికి,

నమస్కారం. తెల్ల కాగితం సంగతి వదిలెయ్యండి. నాగేందర్‌ను అడిగితే, "నువ్వు గిదే అన్నవ్ గదనే. తెల్ల కాగితంతోని నీకేం పనో నాకేమెరుక" అన్నాడు. వాడి తప్పు లేదు.

మీరు చెప్పిన బ్యాకెండ్ సంగతి నా తెలిసినవారిని అడిగాను. దుకాణం వెనక గదిలో కూర్చుని, ఫోన్ స్పీకర్ మీద పెట్టి, నెమ్మదిగా మాట్లాడుతున్నాను. "కిటికీ తెరిచుడే వద్దు. బ్యాకెండ్‌ల ఆగ్ పెట్టుర్రి, సీదా ఫైల్లకు పోతది" అని అవతల నుంచి సలహా. ఆగ్ అన్నది చుక్కలతో బొమ్మ వేసే బ్యాకెండ్ పేరు. మా దగ్గర ఆగ్ అంటే నిప్పు. అటుగా పోతున్న వసంతమ్మకు వినబడింది, ఎవరో ఆడమనిషి దుకాణం వెనకాల నిప్పు పెట్టమంటున్నదని.

నేను ఆ లైను టైపు చేస్తూనే ఉన్నాను. వెనక నుంచి రెండు బకెట్ల నీళ్లు వచ్చి పడ్డాయి. నేను తడిశాను, కీబోర్డు తడిసింది, మొక్కజొన్న విత్తనాల సంచి తడిసింది. "ఎక్కడ్నే నిప్పు?" అని వసంతమ్మ. "నిప్పు కాదే, ఆగ్" అన్నాను. "నేనన్నది గదే గదా" అంది. ఆ సంచిలో ఇప్పుడు మొలకలు వచ్చాయి. మా ఊళ్లో నీళ్లకు కొదవ లేదనడానికి దాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చు.

కొత్త కీబోర్డు తెచ్చి బొమ్మ గీశాను. ఈసారి ఖాళీగా లేదు. ఊళ్లో అందరికీ తెలియాలని పెద్దగా వెయ్యమన్నాను. నాగేందర్, "పెద్దగ జేస్తే చుక్కలు చుక్కలైతదన్నా, గీతలతోని ఉన్నది తే" అన్నాడు. అప్పుడు ఆగ్ మార్చి పీడీఎఫ్ బ్యాకెండ్ పెట్టాను. దానిది గీతల పద్ధతి, ఎంత పెంచినా చెదరదు. ఫిగర్ కొలత అడిగింది. ఏ4 కాగితం కొలతే చాలనుకుని, కాగితం అట్ట మీద మిల్లీమీటర్లలో ఉన్నది చూసి కొట్టాను. ఆ లైబ్రరీ లెక్క అంగుళాల్లో అని నాకు తెలియదు. నాగేందర్ అడిగినంత ఫ్లెక్సీ కొట్టి, నలుగురితో మోయించుకొచ్చాడు.

కట్టేసరికి మా దుకాణం, పక్క మెడికల్ షాపు, దాని పక్కన టీ కొట్టు మూసుకుపోయాయి. పైన అక్షరాలు మాత్రం విరిగాయి. ఒత్తులు కిందికి దిగకుండా పక్కనే నిలబడ్డాయి. "చేవెళ్‌ల వర్‌షపాతం" అని వచ్చింది. ఒక పెద్దాయన చదవలేక చదివి, "ఎవలిదన్నా పుట్టినరోజు?" అని అడిగాడు. ఎవరిదీ కాదు, వాన అన్నాను. "వానకు ఫ్లెక్సీ ఏందన్నా? ఫోటో ఏది?" అన్నాడు. మందుల కోసం వచ్చినవాళ్లు దాని కింద నుంచి వంగి దూరుతున్నారు.

అక్షరాలు విరిగితే విరిగాయి గానీ గీత చూడండి. జూలై మధ్యలో ఒక రోజు ఎక్కడికి లేచిందో. ఆ రోజు మా సీసా పొంగిపొర్లింది. చిన్న ప్రింటు జతచేశాను.

ఇట్లు,
పరమేష్

* * *

మొయినాబాద్,
సెప్టెంబర్.

బావగారికి,

నమస్కారాలు. మీ ఫ్లెక్సీ ఫోటో సుబ్బలక్ష్మి ఫోన్‌కు వచ్చింది. వాన రాజకీయాల్లోకి దిగిందేమో అనుకున్నాను.

జూలైలో లేచిన మీ శిఖరం గురించి ఒక మాట. ఆ రోజు చిలుకూరులో చినుకు లేదు, ఎంకపల్లిలో చినుకు లేదు, మీ సీసా ఒక్కటే పొంగింది. ఇదెలాగని నేను తలబద్దలు కొట్టుకుంటుంటే సుబ్బలక్ష్మి నవ్వింది. చెల్లెమ్మ వసంతమ్మ గారు చెప్పారట. మీ దుకాణం ముందు టార్పాలిన్ కట్టి ఉందనీ, ముందురోజు వాన నీళ్లు దాని మీద చెరువులా నిలిచాయనీ, ఆ పొద్దున మీరు చీపురుకట్టతో కింద నుంచి పొడిస్తే మొత్తం జారి సీసాలో పడిందనీ. బావగారూ, అది వాన కాదు, పొడుపు.

ఇక అక్షరాల విషయం. ఒత్తులు విరగడం మీ తప్పు కాదు. మనం వాడుతున్న బ్యాకెండ్‌లు అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోతాయట, తెలుగును కలిపి కూర్చడం వాటికి రాదట. ఒత్తులు కూర్చడం తెలిసిన ఇంకొక బ్యాకెండ్ ఉందని మా నిపుణుడు కనుక్కుని, దానితో గీసి పంపాడు. జతచేసిన బొమ్మ చూడండి. "మొయినాబాద్ వర్షపాతం" అని పాఠ్యపుస్తకంలో అచ్చు వేసినట్టు లేదూ. ఆ ష చూడండి, పైన రేఫ ఎంత ఒద్దికగా కుదిరిందో.

ఈసారి నా గీత నారింజ రంగులో వచ్చింది. అది నిపుణుడి అభిరుచి అయి ఉంటుంది. పక్కన నీలం గీత ఒకటి ఉంది. నేను అడగలేదు. సగటు అయి ఉంటుంది, ఇలాంటివి చదువుకున్నవాళ్లు తమంతట తామే వేస్తుంటారు. జూలైలో ఒక రోజు ఆ సగటు ఎందుకో ఆకాశానికి ఎగిరింది. సగటులకు అలాంటి గుణం ఉంటుందేమో.

వానలు తగ్గుముఖం పట్టాయి. పిల్లలు నెల తిరిగేలోగా చెబుతామన్నారు. మేడమీద గదికి ఏ రంగు వేయించాలో మేఘను అడిగాను. "అన్నీ" అంది. అన్నీ తెప్పిస్తున్నాను.

భవదీయుడు,
కృష్ణారావు

* * *

చేవెళ్ల,
సెప్టెంబర్, మీ కవరు అందిన రోజే.

బావగారూ,

మీ బొమ్మలో మా వాన పడుతోంది.

ఆ నీలం గీత సగటు కాదు. అది చేవెళ్ల. జూలైలో ఎగిరింది నా టార్పాలినే. మీరు పొడుపు అన్న రోజు అది. నా బొమ్మ తెచ్చి మీ బొమ్మ మీద పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి చూశాను. వంపుకు వంపు కలిసింది. నా సీసా నీళ్లు మీ కాగితం మీదికి ఎట్లా వచ్చాయో మీరే చెప్పాలి.

అదలా ఉంచండి. మీ నారింజ గీత సంగతి కూడా మాట్లాడుకుందాం. ఆగస్టులో ఎండ చిటచిటలాడిన వారం మీకు మాత్రం వాన పడింది. సుబ్బలక్ష్మి వదిన వసంతమ్మతో అన్న మాటలు నేను పక్కనుంచి విన్నాను. మీరు మోటరు వేసి పేపరు పట్టుకుంటారట. ట్యాంకు పొంగి డాబా మీద పారుతుందట. మీ కొలత పాత్ర ఆ ట్యాంకు కిందే ఉందట. మీది వాన కాదు, పేపరు.

కోపంతోనే మొదలుపెట్టాను గానీ రాస్తుంటే నవ్వొచ్చి పెన్ను జారుతోంది. పొడుపునూ పేపరునూ వేలితో మూసి చూశాను. మిగిలిన గీతలు రెండూ ఒకదాని పక్కన ఒకటి ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. ఒకే మబ్బు మీ ఇంటి మీదుగా వచ్చి మా ఇంటి మీదుగా పోయినట్టుంది. దీనికా మనం ఆ పిల్లను మంచం కిందికి తరిమింది?

ఒక మాట చెబుతాను, గెలవడానికి కాదు. అఖిల ఆరో తరగతి నుంచి హాస్టల్లోనే చదివింది. సెలవులకు వచ్చేది, పోయేది. తర్వాత ఉద్యోగం, తర్వాత పెళ్లి. మామూలు రోజున, ఏ పండుగా లేని రోజున, అది మా ఇంట్లో నిద్రలేచి జుట్టు ముడేసుకుంటూ చాయ్ అడగడం చూసింది చాలా తక్కువ. స్థలం ఉంది, ఇల్లు కట్టిస్తానన్నది అందుకు. వానతో నాకేం పని?

ఇప్పుడు నిజం చెప్పండి. మీ నిపుణుడు ఎవరు? ఆయన ఫోన్లో మాట్లాడేటప్పుడు మధ్యమధ్యలో వెనక నుంచి ఒక చిన్న పిల్ల గొంతు, "అమ్మా, తాతనా?" అని అడుగుతుందా?

పరమేష్

* * *

మొయినాబాద్,
మర్నాడు.

బావగారూ,

అడుగుతుంది.

మా నిపుణుడు కాలనీలో లేడు, గచ్చిబౌలిలో ఉంది. మీ తెలిసినవారు కూడా అక్కడే ఉన్నారని మీ ఉత్తరం చదివాక అర్థమైంది. బకెట్లు పట్టుకొచ్చిన తల్లి కూతురి గొంతు పోల్చుకోలేదంటే, మీరు ఎంత గుసగుసగా మాట్లాడిస్తున్నారో ఊహించుకుంటున్నాను. ఎవరికీ చెప్పనని నేనూ ఒట్టు వేయించుకున్నాను.

సుబ్బలక్ష్మికి చెబితే ఆశ్చర్యపోలేదు. "మాకు ఆ బకెట్ల రోజు నుంచే తెలుసు" అంది. మాకు అంటే ఎవరికి అని అడిగాను. వసంతమ్మ గారికీ తనకూ అట.

కొలత పాత్రను ట్యాంకు కింద నుంచి తీసేశాను. ఎక్కడికి వస్తారో ఇద్దరం కలిసి ఆ అమ్మాయినే అడుగుదామా? మీరు రాయండి, నేను సంతకం పెడతాను. లేదా నేను రాస్తాను, మీరు పెట్టండి.

కృష్ణారావు

* * *

గచ్చిబౌలి,
అక్టోబర్.

బాపుకు, మామయ్యకు,

నమస్కారాలు. మీ జంట సంతకాల కాగితం మైసయ్య అన్న ఆటోలో ఇక్కడిదాకా వచ్చింది. ఇద్దరికీ ఇదే ఉత్తరం పంపుతున్నాను. ఒకరికి ఒక మాట ఎక్కువ రాశానన్న గొడవ వద్దు.

అవును, రెండూ నేనే గీశాను. బాపు విత్తనాల సంచుల మధ్య నుంచి గుసగుసగా ఫోన్ చేసేవాడు. మామయ్య డాబా మీదికి వెళ్లి చేసేవారు. ఇద్దరూ ఒట్టు వేయించుకున్నారు. ఫ్లెక్సీ మీద ఒత్తులు విరిగాక బాపు తన గ్రాఫు మళ్లీ గీసిమ్మన్నాడు, ఆ రోజు ఆఫీసు మీటింగ్ మొదలవుతుండగా అది గీసి దాచాను. వెంటనే మామయ్యది గీశాను. మధ్యలో కొత్త ఫిగర్ తయారు చెయ్యమని ఒక్క లైను రాయడం మరిచిపోయాను. అలా మరిచిపోతే ఆ లైబ్రరీ అడగదు, ఎదురుగా ఉన్న పాత ఫిగర్ మీదే గీసేస్తుంది. పేరు మాత్రం కొత్తది పడింది. నేను చూసుకోకుండా పంపేశాను.

ఇప్పుడు అసలు సంగతి. అదే రోడ్డు మీద, మీ రెండు ఊళ్లకూ మధ్యలో ఉన్న కనకమామిడిలో ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నాం. బోరులో నీళ్లు బాగున్నాయి, ముందు పెద్ద ఖాళీ జాగా ఉంది, ఆఫీసు బస్సు రోడ్డు మీద ఆగుతుంది. ఈ ఇల్లు మేం జూలైలోనే చూశాం. చెబుదామనుకునేలోపు బాపు ఫ్లెక్సీ కట్టాడు. మామయ్య ఏ బ్యాకెండ్‌లో ఒత్తులు సరిగా వస్తాయని రోజూ అడిగేవారు. ఇద్దరూ ఇంత హుషారుగా ఉండటం మేమెప్పుడూ చూడలేదు. ఆపబుద్ధి కాలేదు.

మీ ఇద్దరిళ్లలో ఏదో ఒకటి ఎందుకు కాదంటే, ఒకరింట్లో ఉంటే రెండోవాళ్లు మా దగ్గరికి చుట్టాల్లా వస్తారు. గేటు దగ్గర నిలబడి, "పిల్లలున్నారా?" అని అడిగి, పళ్ల సంచి ఇచ్చి, గంటలో లేచి వెళ్తారు. నాకు మీ ఇద్దరిలో ఎవరూ అట్లా రావద్దు. దీపు కూడా ఇదే అన్నాడు.

శనివారం దిగుతున్నాం. కోపం ఉంటే అక్కడికే వచ్చి అరవండి. ఆ ఇంట్లో మంచాలు చాలా కిందికి ఉన్నాయి, మేఘ దూరలేదు.

మీ అఖిల

* * *

కనకమామిడి,
మీ ఇంటి గడప మీద,
శుక్రవారం సాయంత్రం.

అఖిలా,

మామయ్యను రాస్తున్నాను. మీరు దిగేది రేపని తెలుసు. ఇటువైపు వేరే పనుండి వచ్చాను. వస్తూ వస్తూ మేఘ కోసం చిన్న కుర్చీ, చిన్న బల్ల, గోడకు కొట్టే బోర్డు, నాలుగు రంగుల డబ్బాలు పట్టుకొచ్చాను. తాళం వేసి ఉంది. గడప మీద అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నారు. ఆయనకు కూడా ఇటువైపు వేరే పనుందట.

ఇక్కడి నుంచి బాపును. నాకు నిజంగానే పనుండె బిడ్డా, మామయ్య నమ్ముతలేడు. టమాటలు, బీరకాయలు, ఒక జామ మొక్క, మీ అమ్మ పంపిన పచ్చడి జాడీ తెచ్చిన. పక్క తోట కాపలా కాసే భిక్షం వచ్చి, "ఎవలు సార్ మీరు? ఇంట్లకొచ్చేటోళ్లా?" అని అడిగిండు. ఇద్దరం ఒక్కసారే అవునన్నం. "ఇద్దరా?" అని మమ్మల్ని పైకీ కిందికీ చూసిండు. తర్వాత చాయ్ తెచ్చి పెట్టిండు. మంచోడు.

మళ్లీ మామయ్యను. జామ మొక్క వాకిట్లో ఎడమ పక్కన నాటితే మేఘ ఆడుకోవడానికి జాగా మిగులుతుందని నేనన్నాను. కుడి పక్కన నాటితే నీడ గుమ్మం మీదికి వస్తుందని మీ బాపు అన్నారు. చాలాసేపు మాట్లాడుకున్నాం. అరుచుకోలేదు. ఒక్కసారి కొంచెం గట్టిగా మాట్లాడుకుంటే భిక్షం గోడ మీదుగా తొంగి చూశాడు. చివరికి మొక్కను ఎడమ పక్కనే నాటాం. నీడ తిరిగి గుమ్మం మీదికే వస్తుందని మీ బాపు ఇప్పుడు కూడా అంటున్నారు. సామాన్లు భిక్షం దగ్గర పెట్టాం. ఈ కాగితం తలుపు కింద నుంచి లోపలికి తోస్తున్నాం.

ఒకటే మనవి. మాకొక తాళంచెవి ఇవ్వండి. ఒక్కటి చాలు, ఇద్దరం కలిసే వస్తాం. అది ఎవరి దగ్గర ఉండాలన్నది మాత్రం ఇంకా మాట్లాడుకుంటున్నాం.

మామయ్య,
బాపు